గోడ మీద ఉప్పు

బహ్మన్ నెల, మంగళవారం. ఎండ తగ్గిన వేళ. చావడి అరుగు. ఉన్నవాళ్లు: సంఘం పెద్ద లచ్చన్న, హనుమకొండ నుంచి వచ్చిన ఆర్గనైజర్ సారు, ఆడవాళ్ల తరఫున ఎల్లవ్వ, రాసుకోవడానికి నేను. మంత్రి వచ్చాడు. కూచోలేదు.

ఇది నా పాత డైరీలోని మాట. బహ్మన్ నిజాం కాలపు ఫసలీ నెల, ఇప్పటి డిసెంబరు దగ్గర పడుతుంది. నేను ఉర్దూ మిడిల్ స్కూల్లో చదువుకున్నవాణ్ణి గనుక నెలల పేర్లు అట్లాగే రాసేవాణ్ణి. ఇంగ్లీషువాళ్లు వెళ్లిపోయిన ఏడాది చలికాలం అనుకుంటే సరిపోతుంది.

ఆ డైరీ ఇప్పుడెందుకు తీశానో చెప్పాలి. మొన్న సాయంత్రం జనగామలో మా ఇంట్లో టీవీ ముందు కూచున్నాం. ఢిల్లీలో కొత్త ఆర్థికమంత్రి బడ్జెట్ గురించి మాట్లాడుతున్నారు. సరుకు మీద, ధర మీద సర్కారు చెయ్యి ఇక తగ్గాలన్నది నాకు అర్థమైన సారాంశం. మా పక్కింటి రిటైర్డ్ ఎకనామిక్స్ లెక్చరర్ గారు తొడ చరిచి, ఈ మాట ధైర్యంగా అన్న మంత్రి ఈ దేశంలో ఈయనే మొదటివాడన్నారు. కాదు, రెండోవాడన్నాను. మొదటివాడెవరని ఆయన అడిగారు. మా ఊరివాడే అన్నాను.

"ఇగ లేస్తడు సూడుండ్రి, డైరీ తెస్తడు," అంది నా భార్య ఆయనతో.

లేచాను, తెచ్చాను. కానీ పైన రాసిన మాటలు చదువుతూ మధ్యలోనే డైరీ మూసేశాను. "కూచోలేదు" అన్న మాట దగ్గర. లెక్చరర్ గారు కాసేపు చూసి వెళ్లిపోయారు. అప్పటి నుంచి నాకూ ఒకచోట కాలు నిలవడం లేదు. వాకిట్లోకి పోవడం, రావడం. మర్నాడే భూపాలపల్లి బస్సెక్కాను. మంత్రి అక్కడే స్థిరపడ్డాడని ఎప్పుడో విన్నాను. మీలాంటివాడు ఢిల్లీకి మంత్రి అయ్యాడని చెప్పి నవ్వించాలనుకున్నాను. వెతుక్కుంటూ పోతే ఆయన కోడలు గడపలో నిలబడి, ఉగాదికి ముందే పోయాడని చెప్పింది. ఆఖరుకైనా నిమ్మళంగా ఉన్నాడా అని అడిగాను.

"మంచాన పడ్డా చేతులు ఆగలే, బాపూ," అంది. "దుప్పటి కింద కదుపుతనే ఉండె. ఎవలతోని బేరం చేసెనో ఏమో."

ఆ చేతుల సంగతి రాస్తాను. ఆయన పేరు రాయను. ఊళ్లో ఆ పేరుతో ఆయన్ని ఎవరూ పిలిచేవాళ్లు కాదు.

ఆయన పశువుల బేరగాడు. మా వైపు పశువుల అంగడిలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడి చెయ్యి, బేరగాడి చెయ్యి ఒక తువ్వాల కింద కలుస్తాయి. ఒక వేలు పట్టుకుంటే ఒక లెక్క, రెండు పట్టుకుంటే మరొకటి, వేలు సగానికి మడిస్తే దానికి వేరే అర్థం. చుట్టూ ఎంత మంది ఉన్నా ఆ రెండు చేతులకు తప్ప ఇంకెవరికీ ధర తెలియదు. నోళ్లు మాత్రం వానల గురించో, పెళ్లి సంబంధాల గురించో మాట్లాడుతుంటాయి. ఈ విద్యలో జనగామ నుంచి మానుకోట దాకా ఆయనకు సాటి లేదనేవాళ్లు. మహబూబాబాద్‌ను మేం ఇప్పటికీ మానుకోట అనే అంటాం.

గళ్ల తువ్వాల ఒకటి ఎప్పుడూ ఆయన భుజం మీద ఉండేది. ఎండాకాలంలోనూ ఉండేది. దాన్ని తానే ఉతుక్కునేవాడు. ముఖం తుడుచుకోవడానికి కూడా ఎవరికీ ఇచ్చేవాడు కాదు. మాట్లాడుతూ నడిచేవాడు. వినాల్సి వచ్చినా నడిచేవాడు. అన్నం నిలబడే తినేవాడు. "మా ఇంట్ల పీటలు పెండ్లినాడు ఎట్లున్నయో గట్లనే ఉన్నయి," అని ఆయన భార్య ఆడవాళ్లతో అనేదట.

దూరంగా పోతున్న ఎద్దును చూస్తే చాలు, ఆయన వేళ్లు వాటంతటవే కదిలేవి. ఎద్దే కానక్కర్లేదు. ఒకసారి ఆర్గనైజర్ సారు ప్రపంచంలోని పేదల గురించి చాలాసేపు మాట్లాడారు. మంచి వక్త, మనసు పెట్టి చెప్పేవారు. నా వెనక నిలబడ్డ మంత్రి నా చెయ్యి తువ్వాల కిందికి లాక్కుని రెండు వేళ్లు పట్టుకున్నాడు, తరువాత ఒకటి వదిలేశాడు. అదేమిటని బయటికొచ్చాక అడిగాను.

"మాట మంచిదే, మున్షీ. పండ్లు అరిగినయి," అన్నాడు. పశువు వయసు పళ్లను బట్టి చూస్తారు గదా. నన్ను మున్షీ అనేవాడు, రాసుకుంటాను గనుక.

సంఘంలో చేతులెత్తమంటే ఒక చెయ్యి ఎత్తేవాడు. రెండో చెయ్యి పక్కవాడి వేలు నొక్కుతుండేది. అసలు మాట ఏ చేతిదో తెలియాలంటే ఆయన పక్కన కూచోవాలి. ఆయనేమో కూచోడు.

మంత్రి అయిన తీరు ఇది. బచ్చన్నపేట అవతల మా ఊళ్లో సంఘం నిలబడి, దొర గడీ విడిచి పోయాక, ఊరి పనులు మేమే పంచుకున్నాం. భూముల తగాదాలు ఒకరికి, కాపలా ఒకరికి, గడీ గరిసెల్లో ఉన్న ధాన్యం ఒకరికి. అందరికీ ఒక్కొక్క పని వచ్చింది. ఆయన అరుగు ముందు అటూ ఇటూ తిరుగుతూ, మరి నా సంగతేందని అడిగాడు. కల్లు గీసే లచ్చన్నకు వేళాకోళం ఎక్కువ. "నువ్వు మా పైసల మంత్రివి. పో, పైసలు తే," అన్నాడు. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. మరుసటి బుధవారం అంగట్లో ఎవరు ఏం తెచ్చారో, ఏం తేలేదో, ఎందుకు తేలేదో అడుగుతూ పొద్దంతా తిరిగాడు. ఆ రోజు నుంచి పేరు నిలిచిపోయింది.

ధరల గోడ మాత్రం సారు ఆలోచన. దానికి కారణం లేకపోలేదు. అంతకు ముందు సావుకార్లు ఒకే ఉప్పును దొర మనిషికి ఒక ధరకు, కూలి మనిషికి ఇంకో ధరకు అమ్మేవాళ్లు. సారు చావడి గోడ మీద సున్నంతో ఉప్పు, దీపాల గ్యాస్‌నూనె, గుడ్డ అని రాసి, పక్కన ధరలు రాశారు. యుద్ధానికి ముందున్న ధరలు. అంతకంటే పైసా ఎక్కువ అడిగినవాడి సరుకు సంఘానిది. ఆ రోజు జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. రాసింది చక్కటి దస్తూరీ.

తరువాతి అంగడికి స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రావలసిన బండ్లు రాలేదు. ఆ తరువాతి అంగడికి ఎవరూ రాలేదు. అప్పటికే నిజాం సర్కారుకు, యూనియన్ సర్కారుకు పడక హద్దుల మీద సరుకు ఆగిపోయింది. దొంగతోవల్లో తెచ్చేవాళ్లకు తెచ్చిన ఖర్చే గోడ మీది ధర కంటే ఎక్కువ. ఉప్పు లేని తిండి ఎట్లా ఉంటుందో ఇప్పుడు చెప్పినా అర్థం కాదు. చౌడు మట్టి నీళ్లలో కలిపి, తేరిన నీళ్లు కూరలో పోసేవాళ్లం. నాలుక మండేది కానీ రుచి తగిలేది కాదు. ఎల్లవ్వ కోడలు బాలింత. ఉప్పు లేని గంజి లోపల నిలవక ఆ పిల్ల నీరసించి గోడకు ఒరిగి కూచునేది. సారు కూడా అదే తినేవారు. వారి సంచిలో మందు పొట్లంలా చుట్టిన కాస్త ఉప్పుంటే దాన్నీ ఆ బాలింతకే ఇచ్చేశారు.

పశువులకు అంతకంటే కష్టం. అవి గోడలు నాకడం మొదలుపెట్టాయి. ఒకనాడు ఎల్లవ్వ బర్రె చావడి గోడ దగ్గర నిలబడి, సున్నం అక్షరాల మీద నాలుక ఆడిస్తూ ఉంది.

"బర్రెకు సదువొచ్చింది, సారూ," అంది ఎల్లవ్వ. "ఉప్పని రాసిన కాడనే నాకుతాంది."

సారు నవ్వలేకపోయారు. మంత్రి ఆ బర్రెను చూస్తూ నిలబడ్డాడు. నిలబడటమంటే వేళ్లు కదులుతూనే ఉన్నాయి. ఆ సాయంత్రం నుంచి ఊళ్లో కనిపించలేదు. ఎద్దును చూడ్డానికి పోయాడని ఆయన భార్య చెప్పింది. ఏ ఎద్దని అడిగితే, ఆయన చెప్పడు, నేనడగనంది.

తిరిగొచ్చింది ఆ మంగళవారమే. మోకాళ్ల దాకా దుమ్ము. అరుగు ముందు తిరుగుతూనే సంగతి చెప్పాడు. మానుకోట వైపు తండాలకు పోయాడట. పెరికెల ఎద్దుల మీద, అంటే వీపుకు అటూ ఇటూ సంచులు వేసిన ఎద్దుల మీద, ఉప్పు మోసే లంబాడీలు అక్కడున్నారు. గోదావరి అవతలి నుంచి ఉప్పు మహదేవపూర్ రేవు దాటి, భూపాలపల్లి అడవి తోవన వాళ్ల దాకా వస్తోంది. మన ఊరికెందుకు రారంటే, ఆ గోడ సంగతి మాకు తెలుసన్నారట. గోడ తుడిపిస్తా, రేపటి అంగడికి రమ్మని మాటిచ్చి వచ్చాడు.

ఎవర్నడిగి మాటిచ్చావన్నారు సారు. అడిగితే మీరు వద్దనేవాళ్లు గదా అన్నాడు మంత్రి. సారుకు కోపం వచ్చింది. ధర విడిచిపెడితే మళ్లీ సావుకారి రాజ్యమేనన్నారు. దేనికోసం కర్రలు పట్టుకున్నామో మరిచిపోయావా అన్నారు. అది అబద్ధం కాదు. సావుకారి తక్కెడ కింద మా తాతల భూములు పోయాయి.

"సావుకారి ఒక్కడుంటే మనల్ని తింటడు," అన్నాడు మంత్రి. "పది మందిని రానియ్యి, వాళ్లల్ల వాళ్లే తింటరు. ధర కట్టేసినవు, మంచిదే. సరుకు తాడు తెంపుకొని పాయె. గోడ మీద ఉప్పుంది సారూ, కూరల లేదు."

"రేపు ఆ లంబాడీలు మన గొంతు మీద కూర్చునే ధర అడిగితే?"

"నా చెయ్యి ఉన్నది గదా."

చాలాసేపు వాదించుకున్నారు. చివరికి సారు ఒక షరతు పెట్టారు. రేపు ఒక్క అంగడికి గోడ తుడుద్దాం. ఉప్పు వచ్చి, జనం కొనగలిగితే సరే. లేకపోతే మంత్రి సావుకార్ల మనిషి, ఇక సంఘంలో ఉండడు. ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. సంఘం వద్దన్న మనిషి ఊళ్లో ఉండలేడు. బయటికి పోతే నిజాం సర్కారు క్యాంపులో ఆయన్ని సంఘం మనిషిగా ఎప్పుడో గుర్తుపెట్టుకున్నారు. ఆయనకు నిలబడటానికి జాగా ఉండదు.

లచ్చన్న, ఎల్లవ్వ, నేను ఒక్క అంగడికి ఒప్పుకుంటూ చేతులెత్తాం. మంత్రి వచ్చి నా పక్కన నిలబడి చెయ్యెత్తాడు. రెండో చెయ్యి నా వేలు పట్టుకోలేదు. ఆ ఒక్కసారి రెండు చేతుల మాటా ఒకటేనని అనుకున్నాను. లచ్చన్న తడిగుడ్డతో గోడ తుడిచాడు.

ఇక్కడ వరుస తప్పి ఒక మాట రాయాలి, తరువాత మరిచిపోతాను. చాలా ఏళ్లకు నేను తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా మహదేవపూర్ అంగడికి పోయాను. తక్కెడలు పరీక్ష చేస్తుంటే వెనక నుంచి ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. తువ్వాల కిందికి పోయింది చెయ్యి. తిరిగి చూడకుండానే తెలిసింది. జీతమెంతని అడుగుతున్నాడని అర్థమై, నాకు వచ్చినంతలో వేళ్లు పట్టుకుని చెప్పాను. ఆయన నా అరచేతిలో బొటనవేలి గోటితో ఒక గీత గీశాడు, ఇంకా నొప్పి పెట్టేంత. కల్దారేనా అని. కల్దార్, హాలీ అన్న తేడా పోయి అప్పటికే ఎన్నో ఏళ్లయింది. ఇద్దరం అంగడి మధ్యలో నిలబడి నవ్వాం. చాయ్ తాగుదాం కూచో అన్నాను. నిలబడే తాగాడు.

ఆ గీత సంగతి తెలియాలంటే బుధవారం దగ్గరికి రావాలి.

పొద్దున్నే ఊరంతా అంగడి జాగాలో ఉంది. ఆడవాళ్ల చేతుల్లో ముంతలు. చావడి గోడ మీద తుడిచిన తడి ఇంకా ఆరలేదు. కర్రలు పట్టుకున్న కాపలా పిల్లలు చెరువు కట్ట వైపు చూస్తున్నారు. ఎవరూ రాలేదు. మంత్రి కట్ట దాకా పోయి వస్తున్నాడు, మళ్లీ పోతున్నాడు. ఎండెక్కాక గంటలు వినిపించాయి. ఒక్కడే వచ్చాడు. సోమ్లా నాయక్ అని పెద్ద వయసు మనిషి, నాలుగైదు ఎద్దులు, వాటి మీద పెరికెల్లో ఉప్పు.

మిగతావాళ్లేరని మంత్రి అడిగాడు.

"కట్టకు అవతల మోదుగు చెట్లల్ల ఉన్నరు," అన్నాడు సోమ్లా. "నేను వాపస్ పోతనా లేదా అని సూస్తాండ్రు."

సారు మంత్రి వైపు చూశారు. పది మంది అన్నావు, వచ్చింది ఒక్కడు అన్నట్టుగా. మంత్రి తువ్వాల దులిపి చెయ్యి చాచాడు. సోమ్లా చెయ్యి అందులోకి పోయింది. తువ్వాల కదలడం మొదలైంది. ఇద్దరూ మానుకోట వైపు జొన్న ఎట్లా పండిందో మాట్లాడుకుంటున్నారు. ఊరంతా ఆ గుడ్డ వైపే చూస్తోంది.

"గా గుడ్డ కింద ఏం వండుతాండ్రయ్యా?" అంది ఎల్లవ్వ. కొందరు నవ్వారు, కొందరికి అనుమానం వచ్చింది. తింటే ఊరు తినాల్సిన ఉప్పు. ధర ఇద్దరికే తెలుస్తోంది.

సారు ముందుకొచ్చారు. గొంతు పెంచలేదు.

"ధరను విడిచిపెట్టమన్నది నువ్వే కదా. విడిచిపెట్టినం. మరి నువ్వెందుకు దాస్తున్నావు?"

మంత్రి వేళ్లు ఆగిపోయాయి. ఆ చేతులు ఆగడం నేను చూడటం అదే మొదలు. తువ్వాల తీశాడు. పోయి చావడి కొయ్యకు తగిలించి వచ్చాడు. అందరి ముందు ఉత్త చేతులతో బేరానికి నిలబడ్డాడు. మా ఊళ్లో ఎవరూ అట్లా చేయగా చూడలేదు. సోమ్లా సిగ్గుపడి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. చెయ్యి మాత్రం ఇచ్చాడు.

ఏ వేలుకు ఏ లెక్కో తెలిసిన ముసలివాడొకడు పక్కన నిలబడి బయటికి అరిచి చెప్పాడు. ఎక్కువ అడిగినప్పుడు జనం ఓయ్ అన్నారు. మంత్రి వేలు విడిపించుకున్నప్పుడు సంతోషించారు. అదొక ఆటలా అయింది. చివరికి వేళ్లు నిలిచిన ధర గోడ మీద ఉన్నదానికంటే ఎక్కువే. అయినా సావుకారి దొంగచాటుగా అడిగేదాని కంటే చాలా తక్కువ. సారు కూడా తల ఊపారు. ఉప్పు కొలవడం మొదలైంది. ఎల్లవ్వ ముంతలోంచి ఒక పలుకు తీసి నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది.

నాణేలు పోగయ్యాక సోమ్లా వాటిని చేతిలో తిప్పి చూశాడు.

"ఇవి హాలీలు," అన్నాడు.

అప్పుడు మా దగ్గర రెండు రూపాయలు నడిచేవి. ఒకటి నిజాం సర్కారు హాలీ, ఇంకొకటి ఇంగ్లీషువాళ్ల కల్దార్. ఇంగ్లీషువాళ్లు పోయారు గానీ రూపాయి పోలేదు. కల్దార్ విలువ కొంత ఎక్కువ. గోదావరి అవతల కొన్న ఉప్పు గనుక సోమ్లా కల్దార్‌లోనే లెక్క చూసుకున్నాడు.

కల్దార్ అని నువ్వెప్పుడన్నావని లచ్చన్న అడిగాడు. సోమ్లా బొటనవేలి గోరు చూపించాడు. "గీరిన గద, అరచేతుల."

అది బేరగాళ్ల ఆనవాలు. తువ్వాల కింద వేళ్లు పట్టుకున్నాక, కల్దార్ అయితే అరచేతిలో ఒకసారి గోటితో గీరుతారు. అరుస్తూ నిలబడ్డ ముసలివాడికి అది కనిపించలేదు. ఎవరికీ కనిపించలేదు. ఊరంతా మంత్రి వైపు తిరిగింది. గీరలేదని ఒక్క మాట అంటే అయిపోయేది. మేమంతా ఆయన మాటే నమ్మేవాళ్లం. సారు షరతులో కూడా ఆయనే నెగ్గేవాడు.

మంత్రి తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. ఇంకో చేత్తో రుద్దుకున్నాడు.

"గీరిండు," అన్నాడు. "నాకే సోయి లేకుంటాయె. ఎన్నడు లేంది కండ్లతోని బేరం చేసిన. వేళ్లు సూసుకుంట ఉన్న, చెయ్యి మర్సిన."

ఒక్కసారిగా గోల లేచింది. అందరి ముందు ఒప్పుకున్నది ఒక ధర, ఇప్పుడు అడుగుతున్నది ఇంకొకటి అన్నారు సారు. ఇది మోసమో, పొరపాటో, జనానికి తేడా లేదన్నారు. హాలీల్లోనే తీసుకుని పొమ్మనండి అన్నారు. కాపలా పిల్లలు ఎద్దుల చుట్టూ చేరారు. సోమ్లా ఒక ఎద్దు మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మంత్రి పోయి కర్రలకు, ఎద్దులకు మధ్య నిలబడ్డాడు.

"సారూ, ఇయ్యాల ఈ ఎద్దుల మీద చెయ్యేస్తే మన ఊరికి ఉప్పు ఇదే ఆఖరు. కట్టకు అవతల సూస్తాండ్రు."

"చూస్తే చూడనీ. మాట మార్చినోడు నీ మనిషి."

"మాట మార్చలే. నేను వినలే."

ఎవరూ కదలలేదు. అప్పుడు ఎల్లవ్వ కదిలింది. తన ముంత తెచ్చి సోమ్లా ముందు పెట్టి, అందులోంచి ఒక పిడికెడు ఉప్పు తీసి పెరికెలో తిరిగి పోసింది.

"నా దగ్గర కల్దార్లు లేవు నాయకా. నువ్వు గీరినంత నువ్వే తీసుకో. మిగిలింది నా కోడలికి."

ఆమె వెనక ఇంకొకామె, ఆ వెనక ఇంకొకామె. ప్రతి ముంత నుంచి ఒక పిడికెడు వెనక్కి పోయింది. ధర పెరగలేదు, కొలత తగ్గింది. తూనికల శాఖలో అన్నేళ్లు చేశాను గానీ, అంత న్యాయమైన కొలత మళ్లీ చూడలేదు. కాపలా పిల్లలు మెల్లగా పక్కకు జరిగారు. సోమ్లా ఎద్దుల్ని తోలుకుని ఊరి బయట కల్లం దగ్గర దిగాడు, పొద్దున్నే పోతానన్నాడు.

సాయంత్రం మళ్లీ అరుగు మీద చేరాం. అదే నలుగురం. ఇంటింటా కూర ఉడుకుతున్న వాసన. ఉప్పు వచ్చింది, జనం కొన్నారు, షరతు నెగ్గినట్టేనన్నాడు లచ్చన్న. నేనూ అదే అన్నాను. సారు ఒప్పుకున్నారు. మంత్రిని ఊళ్లోంచి పొమ్మనడం తప్పే అన్నారు. కానీ ధరల పని ఇక ఆయన చేతిలో ఉండొద్దు. రేపు గోడ మళ్లీ రాద్దాం, ఈసారి తెచ్చేవాళ్లనూ అడిగి రాద్దాం అన్నారు. పట్టు విడవని మనిషే, కానీ విననివాడు కాదు.

మంత్రి అంతా విని వచ్చి అరుగు మీద కూచున్నాడు.

ఆయన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. అవి కదలడం లేదు. భుజం మీద తువ్వాల లేకపోతే ఆయన ఎవరో కొత్త మనిషిలా ఉన్నాడు.

"మంత్రి పని పోతే పోనీ, లచ్చన్నా," అన్నాడు. "గీరినా ఎరుకలేని చెయ్యి అయిపాయె. మోదుగుల్ల ఉన్నోళ్లకు ఈపాటికి తెల్సి ఉంటది. ఈ అంగట్ల ఇగ నా చెయ్యి ఎవడు పట్టుకుంటడు?"

పట్టుకుంటారులే అన్నాడు లచ్చన్న. మంత్రి లేచి ఇంటికి పోయాడు. తువ్వాల కొయ్యకే ఉండిపోయింది.

గురువారం పొద్దున నేను చావడికి వచ్చేసరికి సారు సున్నం ముంత, కుంచె పట్టుకుని గోడ ముందు నిలబడ్డారు. "ఉప్పు" అని రాశారు. పక్కన ఇంకా ఏమీ రాయలేదు. లచ్చన్న అరుగు మీద పండ్లు తోముకుంటున్నాడు. కట్ట మీద గంటలు మోగాయి. ఒకరి వెనక ఒకరు, ఎద్దుల వరుసలు దిగుతున్నాయి. అంగడి నాడు కూడా కాదు. సోమ్లా వెనక్కి క్షేమంగా పోవడం చూసి వస్తున్నారు. ముందున్న నడివయసు లంబాడీ చావడి ముందు ఎద్దులాపి, మంత్రి ఎవరని అడిగాడు. తప్పు తనమీద వేసుకున్నాడని రాత్రి కల్లం దగ్గర సోమ్లా చెప్పాడట, అతని చేతితోనే బేరం చేస్తామన్నాడు.

లచ్చన్న మనిషిని పంపాడు. మంత్రి భార్య తానే వచ్చింది. పొద్దు పొడవక ముందే సోమ్లా ఎద్దుల వెంట మానుకోట తోవ పట్టాడని చెప్పింది. ఎప్పుడొస్తాడో చెప్పలేదంది. ఇంకో మాట కూడా అంది.

"పీట మీద కూసోని గంజి తాగి పోయిండు."

వచ్చినవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వెనకనున్నవాళ్లు ఎద్దుల్ని మళ్లించబోయారు. అప్పుడు లచ్చన్న నోరు కడుక్కుని లేచి, కొయ్యకున్న గళ్ల తువ్వాల తీసి తన చేతి మీద కప్పుకున్నాడు. కల్లు గీసే చెయ్యి అది, బేరం ఎరగదు. ముందున్న లంబాడీ సంకోచిస్తూనే తన చెయ్యి దాని కిందికి పోనిచ్చాడు.

"వేలు పట్టుకునే ముందుగాల నోటితోని చెప్పు," అన్నాడు లచ్చన్న గట్టిగా, ఊరందరికీ వినపడేట్టు. "కల్దారా, హాలీయా?"

అతను జవాబివ్వక ముందే వెనక నుంచి ఇంకొకడు, నాది హాలీయే అని కేకేశాడు. ముందున్నవాడు వాణ్ణి గుర్రుగా చూసి, నాదీ హాలీయే అన్నాడు. తువ్వాల కదలడం మొదలైంది. సారు కుంచె సున్నంలో ముంచి, తడి "ఉప్పు" పక్కన చెయ్యి ఎత్తి పట్టుకుని, ఎంత రాయమంటావని అడిగారు.

లచ్చన్న తల తిప్పలేదు.

"ఆగు సారూ," అన్నాడు. "ఇంకా పట్టుకుంటనే ఉన్న."